వాపు మన పనా, క్రిముల పనా? గోరుచుట్టుతో వచ్చిన సందేహం

#1 వేకువ

అందరికీ నమస్కారం. నాలుగు రోజుల కిందట కుడిచేతి బొటనవేలి గోరు పక్కన లేచిన తోలుముక్కని పళ్ళతో పీకాను. తిట్టొద్దు, చిన్నప్పటి నుంచీ ఉన్న పాడలవాటు. ఆ రోజు ఏమీ అనిపించలేదు. మర్నాడు ఎర్రబడింది. మూడోరోజు రాత్రి సలుపు మొదలైంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేల్లో ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టే ఉంది. చెయ్యి కిందికి వేలాడేస్తే ఎక్కువవుతోంది, దిండు మీద ఎత్తిపెట్టుకుంటే కాస్త నయం. తెల్లారేసరికి గోరు అంచున పచ్చగా ఉబ్బింది. డాక్టరు చిన్న గాటు పెట్టి చీము తీసేశారు. ఆ ఒక్క నిమిషంలోనే సగం నొప్పి పోయింది. యాంటీబయాటిక్‌తో పాటు నొప్పికీ వాపుకీ ఇంకో బిళ్ళ రాశారు.

ఇంటికొచ్చాక అసలు గొడవ. "వాపు తగ్గే బిళ్ళ వేసుకోకు, లోపల ఒళ్ళు పోరాడుతుంటే దాని చేతులు కట్టేస్తావా" అని మామయ్య. "వాపే కదా జబ్బు, అది తగ్గితే జబ్బు తగ్గినట్టే" అని అక్క. ఇద్దరూ గట్టిగా మాట్లాడేవాళ్ళే కాబట్టి ఎవరిది నిజమో తేల్చుకోలేకపోయాను.

నా ప్రశ్నలు రెండే. ఆ ఎరుపు, వాపు, సలుపు క్రిములు చేసినవా, నా ఒళ్ళు చేసినవా? ఒళ్ళే చేసిందంటే ఆ బిళ్ళ వేసుకుని నా కాలు నేనే విరగ్గొట్టుకుంటున్నానా?

#2 పాతకాపు

గోరుచుట్టు మీద రోకటిపోటు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ముందు ఆ వేలిని దేనికీ తగలనివ్వకండి. సైన్సు సంగతి సూక్ష్మదర్శిని గారు చూసుకుంటారు.

#3 సూక్ష్మదర్శిని

వేకువ గారూ, మొదటి ప్రశ్నకి సూటిగా చెప్తాను. అందులో క్రిములు చేసింది తక్కువ, మీ ఒళ్ళు చేసింది ఎక్కువ.

తోలు చిరిగిన చోట నుంచి బాక్టీరియా లోపలికి జారింది. గోరుచుట్టులో ఎక్కువసార్లు దొరికేది స్టెఫలోకాకస్. అది ఎక్కడి నుంచో రానక్కర్లేదు, మన చర్మం మీదా ముక్కులోనూ కాపురం ఉండేదే. తోలు కింద ముందే కాపలా ఉండే కణాలున్నాయి. ఒకటి మాక్రోఫేజ్. పాఠ్యపుస్తకంలో స్థూలభక్షక కణం అంటారు, ఆ మాట నోరు తిరిగేలోపు అది నాలుగు బాక్టీరియాల్ని మింగేస్తుంది కాబట్టి మాక్రోఫేజ్ అనే అనుకుందాం. రెండోది మాస్ట్ కణం, ఒంటి నిండా హిస్టమిన్ పొట్లాలు పెట్టుకుని రక్తనాళాల పక్కనే కూర్చునుంటుంది.

వీటికి బాక్టీరియా పేరూ ఊరూ తెలియవు. బాక్టీరియా గోడలో ఉండే, మన కణాల్లో ఎక్కడా కనపడని కొన్ని ముక్కల్ని మాత్రం పట్టేస్తాయి. అలా పట్టే గ్రాహకాలు ఉండి తీరాలని చార్లెస్ జేన్‌వే 1989లోనే వాదించారు. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పళ్ళ ఈగల్లో టోల్ అనే జన్యువు చెడితే అవి బూజు సోకి చచ్చిపోతాయని చూపింది. 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం ఎలుకల్లో అలాంటిదే పట్టుకుంది. 2011 నోబెల్ వాళ్ళిద్దరికీ, రాల్ఫ్ స్టైన్‌మన్‌కీ కలిపి ఇచ్చారు. జేన్‌వే అప్పటికి లేరు.

సరే, కాపలా కణం క్రిమిని పట్టింది. ఒక్కటే మింగుతూ కూర్చుంటే లాభం లేదు, ఎందుకంటే అనుకూలిస్తే స్టెఫలోకాకస్ అరగంటకోసారి రెట్టింపవుతుంది. అందుకని కేక పెడుతుంది. ఇన్‌ఫ్లమేషన్ అంటే అసలు ఈ కేకే. నిమిషాల్లో హిస్టమిన్, గంటల్లో టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి సంకేతాలు బయటికొస్తాయి. అవన్నీ పనిచేసేది పక్కనున్న సన్న రక్తనాళాల మీద.

నాళం వెడల్పవుతుంది, రక్తం ఎక్కువ పారుతుంది. అదే ఎరుపు. వేడి కూడా అదే. వేలికొస ఎప్పుడూ కడుపులోకన్నా చల్లగా ఉంటుంది, ఇప్పుడు లోపలి వేడి రక్తం అక్కడికి చేరింది. తర్వాత నాళం గోడలో కణానికీ కణానికీ మధ్య సందులు వదులవుతాయి, అందులోంచి ప్లాస్మా ఊరుతుంది. అదే వాపు. దీన్ని ఉత్త నీరు అనుకోవద్దు. అందులో యాంటీబాడీలు ఉంటాయి, బాక్టీరియాకి చిల్లులు పొడిచే కాంప్లిమెంట్ ప్రొటీన్లు ఉంటాయి, గడ్డకట్టి చుట్టూ కంచె కట్టే ఫైబ్రినోజెన్ ఉంటుంది. మామూలప్పుడు రక్తంలోనే తిరిగే సరుకంతా వాపు రూపంలో గాయం దగ్గరికి దిగింది.

సలుపు సంగతి: వేలికొసలో ఖాళీ లేదు. లోపల కొవ్వుని చిన్న చిన్న గదులుగా బిగించి కట్టిన పోగులుంటాయి. వాపుకి సాగే చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది, ప్రతి గుండె దెబ్బకీ ఇంకాస్త పెరుగుతుంది. దానికి తోడు బ్రాడీకైనిన్, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు నరాల కొసల్ని సున్నితం చేసేసి ఉంటాయి. చెయ్యి పైకెత్తితే తగ్గింది అందుకే. గాటు పెట్టగానే ప్రాణం లేచొచ్చిందీ అందుకే.

#4 పాతకాపు

ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఈ నాలుగింటినీ రోమన్ రచయిత సెల్సస్ రెండు వేల ఏళ్ళ నాడే వరసగా రాసిపెట్టాడు. ఆ భాగం పని చెయ్యకపోవడం అనే ఐదో లక్షణం చాలా తర్వాత చేరింది. నాలుగూ ఎందుకొస్తాయో తెలియడానికి మాత్రం ఇంకో పద్దెనిమిది వందల ఏళ్ళు పట్టింది.

#5 ప్రశ్నార్థకం

సూక్ష్మదర్శిని గారూ, ఒక అనుమానం. రక్తం ఏట్లో నీళ్ళలా పరుగెడుతుంటే తెల్లకణానికి "నేనిక్కడ దిగాలి" అని ఎలా తెలుస్తుంది? కండక్టరు పిలుస్తాడా?

#6 సూక్ష్మదర్శిని

ఇంచుమించు అంతే. కేక విన్న రక్తనాళం లోపలి గోడ తన ముఖం మార్చుకుంటుంది. మామూలప్పుడు నున్నగా ఉండే గోడ మీద సెలెక్టిన్లు అనే కొక్కేలు మొలుస్తాయి. ఒరుసుకుంటూ పోయే న్యూట్రోఫిల్ అనే తెల్లకణానికి అవి తగులుకుంటాయి, ఊడతాయి, మళ్ళీ తగులుకుంటాయి. పల్లేరుకాయల మీద ఉన్నిబంతి దొర్లించినట్టు ఊహించుకోండి. వేగం తగ్గి అది గోడ వెంబడే దొర్లుతుంది.

అలా దొర్లేటప్పుడు గోడకి అంటుకున్న ఇంటర్‌ల్యూకిన్-8 లాంటి వాసన తగులుతుంది. తగలగానే న్యూట్రోఫిల్ తన వైపు ఉన్న ఇంటిగ్రిన్లు అనే పట్లని బిగిస్తుంది. ఇక కదలదు. కాసేపటికి ఒళ్ళంతా సాగదీసి రెండు కణాల సందులోంచి పిండినట్టు బయటికొస్తుంది. లోపలి గింజ, అంటే కేంద్రకం, మూడు నాలుగు తమ్మెలుగా ఉండటం వల్ల సన్న సందులో దూరడానికి సులువు.

బయటపడ్డాక వాసన ఎటు చిక్కగా ఉంటే అటే పాకుతుంది. బాక్టీరియా తన ప్రొటీన్లని తయారుచేసేటప్పుడు మొదట్లో తగిలించే ఫార్మిల్ ముక్క కూడా ఆ వాసనల్లో ఒకటి. అంటే దొంగ కాలిగుర్తులే పోలీసుకి దారి చూపిస్తాయి.

తెల్లకణాలు నాళం గోడ దాటుకుని రావడాన్ని 1867లో జూలియస్ కోన్‌హైమ్ బతికున్న కప్పల్లో మైక్రోస్కోపు కింద చూసి రాశాడు. చీములో కణాలు రక్తంలోంచే వస్తాయని అంతవరకూ అందరూ నమ్మలేదు.

#7 ల్యాబ్‌కోటు

ఇక చీము సంగతి నాకొదిలేయండి, రోజూ నా బల్ల మీదికి వచ్చేదే.

స్లైడు మీద ఒక్క చుక్క రాసి, ఆరబెట్టి, గ్రామ్ రంగు వేసి, నూనె చుక్క పెట్టి వంద రెట్ల లెన్సు తిప్పితే ముందు కనపడేది గులాబిరంగు గందరగోళం. కాసేపు చూస్తే కళ్ళు అలవాటుపడతాయి. ఆ గులాబి అంతా న్యూట్రోఫిల్సే, సగం పగిలిపోయి, గింజలు చెదిరిపోయి ఉంటాయి. వాటి మధ్య ముదురు ఊదారంగు చుక్కలు ద్రాక్షగుత్తుల్లా కనిపిస్తాయి. అదే స్టెఫలోకాకస్. నాకు ఇన్నేళ్ళైనా విసుగు రాని దృశ్యం ఒకటుంది: ఆ ఊదా చుక్కలు న్యూట్రోఫిల్ పొట్టలో కనపడటం. మింగేసింది, తనూ పోయింది.

మింగాక లోపల ఏం చేస్తుందంటే, ఆక్సిజన్‌ని విషంగా మారుస్తుంది. ముందు సూపరాక్సైడ్, ఆ తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్, చివరికి హైపోక్లోరస్ ఆమ్లం. బట్టలకి వాడే బ్లీచింగ్ ద్రావణంలో పనిచేసేదీ ఇదే పదార్థం! ఈ చివరి మెట్టు ఎక్కించే ఎంజైము మైలోపెరాక్సిడేజ్, దాని రంగు ఆకుపచ్చ. చీములో, ముదిరిన చీమిడిలో పచ్చదనం చాలావరకు దీనిదే. పచ్చగా ఉంటే బాక్టీరియా రంగనుకుంటారు చాలామంది, అది ఎక్కువసార్లు మన కణాల రంగే.

ఇంకో సంగతి. మన ఎముకల మూలుగ రోజుకి సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్ తయారుచేస్తుంది. రక్తంలోకి వచ్చాక వాటి ఆయుష్షు రోజుల్లోనే. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు గిరాకీ పెరిగి పూర్తిగా పండని పిల్లకణాల్ని కూడా రోడ్డెక్కిస్తుంది. రక్తపరీక్షలో అవి ఎక్కువ కనిపిస్తే లోపల ఎక్కడో గట్టి యుద్ధం జరుగుతోందని మాకు అర్థమైపోతుంది.

#8 వేకువ

అంటే డాక్టరు దూదితో తుడిచి పారేసింది నా సైనికుల శవాలా! కాస్త జాలేసింది ఇప్పుడు.

ఇంకోటి, ఇది టెన్షన్‌గా ఉంది. ఇవాళ స్నానం చేస్తుంటే కుడి చంకలో బిళ్ళ తగిలింది. గోళీకాయంత ఉంది, నొక్కితే నొప్పి. వేలి దగ్గర తగ్గుతోంది కానీ ఇదేంటి కొత్తగా?

#9 సూక్ష్మదర్శిని

చేతికి పుండైతే చంకలో, కాలికైతే గజ్జల్లో బిళ్ళ కడుతుందని మన వాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. ఆ బిళ్ళ లింఫు గ్రంథి. వాపులో ఊరిన ద్రవం చేతి లింఫు నాళాల వెంట అక్కడికే చేరుతుంది. దాంతో పాటు డెండ్రైటిక్ కణాలు కూడా బాక్టీరియా ముక్కల్ని మోసుకుంటూ వెళ్తాయి, "ఇదిగో వీడే" అని చూపించడానికి. గ్రంథిలో లింఫోసైట్లు అనే తెల్లకణాలు వేల రకాలు ఉంటాయి, ఆ ముక్కకి సరిగ్గా అతికేవి కొన్నే. అవి దొరికాక పిల్లల్ని పెట్టడం మొదలెడతాయి, గ్రంథి ఉబ్బుతుంది. దీనికి నాలుగైదు రోజులు పడుతుంది. అందుకే వేలు సర్దుకునే వేళకి మీకు బిళ్ళ తగిలింది.

కాబట్టి ఇన్‌ఫ్లమేషన్‌కి రెండో పని కూడా ఉంది. వెంటనే పోరాడటం ఒకటైతే, నింపాదిగా నేర్చుకునే సైన్యానికి కబురంపడం ఇంకోటి. మొదటి దళం ఈ నాలుగైదు రోజులూ కోటని నిలబెడితేనే రెండోది వచ్చేది.

నొక్కితే నొప్పిగా, అటూఇటూ కదిలేలా ఉంటే ఈ బిళ్ళ మామూలే. వారాల తరబడి తగ్గకుండా గట్టిగా పెరుగుతుంటే మాత్రం చూపించుకోవాలి.

#10 నిజంచెప్తా

క్షమించాలి, నాకిదంతా కాస్త అతిగా అనిపిస్తోంది. గుండెజబ్బుకి ఇన్‌ఫ్లమేషన్, కీళ్ళకి ఇన్‌ఫ్లమేషన్, షుగర్‌కి ఇన్‌ఫ్లమేషన్. ఏ వీడియో తెరిచినా దాన్ని ఎలా తగ్గించాలనే చెప్తున్నారు. మీరేమో సైనికులు, కోట అంటూ పాట పాడుతున్నారు. అది లేకపోతే మనిషి హాయిగానే ఉంటాడేమో? ఉండాలనడానికి రుజువేంటి?

#11 రాత్రిడ్యూటీ

రుజువు ఉంది. అది లేకుండా పుట్టిన పిల్లలున్నారు.

పైన సూక్ష్మదర్శిని గారు చెప్పిన ఇంటిగ్రిన్ పట్లు పుట్టుకతోనే చెడిపోయే అరుదైన జబ్బు ఒకటుంది, ల్యూకోసైట్ అడ్హెషన్ డెఫిషియెన్సీ అంటారు. ఆ పిల్లల రక్తంలో తెల్లకణాలకి కొరత లేదు, మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువుంటాయి. కానీ నాళం గోడని పట్టుకోలేవు కాబట్టి బయటికి రాలేవు. మొదటి గుర్తు ఏంటో తెలుసా? బొడ్డుతాడు వారాలు గడిచినా ఊడదు. ఆ తర్వాత ఇన్ఫెక్షన్ మీద ఇన్ఫెక్షన్. పుండు పడుతుంది, లోతుకి పోతుంది, చుట్టూ కండ నల్లబడుతుంది, కానీ చీము పట్టదు. చీము లేని పుండు చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. నాకు తెలిసి వైద్యంలో అంతకన్నా భయపెట్టే శుభ్రత లేదు. తీవ్రమైన రకమైతే మూలుగ మార్పిడి చెయ్యకపోతే చాలామంది పసితనం దాటరు.

ల్యాబ్‌కోటు గారు చెప్పిన బ్లీచింగు సరంజామా చెడితే ఇంకో జబ్బు, క్రానిక్ గ్రాన్యులోమటస్ డిసీజ్. అక్కడ న్యూట్రోఫిల్ వస్తుంది, మింగుతుంది, చంపలేదు. మళ్ళీ మళ్ళీ గడ్డలు, బూజు ఇన్ఫెక్షన్లు.

మా వార్డులో ఇంకా తరచుగా చూసేది క్యాన్సర్‌కి కీమో తీసుకున్నవాళ్ళని. న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకి 500 కన్నా కిందికి పడిపోతే వాళ్ళకి ఎరుపూ రాదు, చీమూ రాదు, ఎక్స్‌రేలో న్యుమోనియా మచ్చ కూడా సరిగ్గా కనపడకపోవచ్చు. జ్వరం ఒక్కటే గుర్తు. అది రాగానే కారణం వెతుకుతూ కూర్చోకుండా గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించేస్తాం. నిజంచెప్తా గారూ, ఇన్‌ఫ్లమేషన్ లేని ఒళ్ళు హాయిగా ఉండదండి, కావలి లేని ఇల్లులా ఉంటుంది.

#12 నీలిగోరింట

దీనికి మా ఇంట్లోనే ఉదాహరణ ఉంది. మా నాన్నగారు కీళ్ళవాతానికి చాలా ఏళ్ళు స్టెరాయిడ్ బిళ్ళలు వాడారు. ఒకరోజు "కడుపులో బాగోలేదు" అన్నారు, అంతే. జ్వరం లేదు, నొక్కితే పెద్దగా నొప్పి లేదు. మేము తీసుకెళ్ళిన చోట చూసినాయన కూడా గ్యాస్ అని పంపేశారు. రెండో రోజు ముఖం పాలిపోయి ఒళ్ళు చల్లబడితే ఇంకోచోటికి పరిగెత్తాం. పేగుకి చిల్లుపడి కడుపంతా చీము. ఆపరేషన్ చేసి బతికించారు. ఆ సర్జన్ గారు అప్పుడన్న మాట మర్చిపోలేను: "మంట ఆర్పే మందు వాడేవాళ్ళకి పొగ కూడా కనపడదమ్మా." స్టెరాయిడ్ వాడుతున్నారని మేము మొదటిచోట చెప్పలేదు. అదీ మా తప్పే. అలా అని డాక్టరుకి చెప్పకుండా ఆ మందు హఠాత్తుగా మానేయకూడదు, అది వేరే ప్రమాదం.

#13 నిజంచెప్తా

సరే, చీము పట్టని పుండు మాట విన్నాక తగ్గాను. అయినా సగమే. ఇన్‌ఫ్లమేషన్ ఇంత మంచిదైతే సెప్సిస్‌లో మనుషులు ఎందుకు చచ్చిపోతున్నారు? అక్కడ చంపేది క్రిమి కాదు, మన స్పందనే అని చదివాను.

#14 రాత్రిడ్యూటీ

మంచి ప్రశ్న, ఇక్కడ మీతో గొడవ లేదు. 2016లో సెప్సిస్‌కి ఇచ్చిన కొత్త నిర్వచనమే అది: ఇన్ఫెక్షన్‌కి ఒళ్ళు ఇచ్చే స్పందన అదుపు తప్పి, అవయవాలు దెబ్బతిని, ప్రాణం మీదికి రావడం. 2017 ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద 4.89 కోట్ల సెప్సిస్ కేసులు, 1.1 కోట్ల మరణాలు అని అంచనా.

వేకువ గారి వేలినే తీసుకోండి. టీఎన్‌ఎఫ్ కేక విని వేల్లో నాళాలు వెడల్పయ్యాయి, ప్లాస్మా ఊరింది, చిన్న నాళాల్లో రక్తం గడ్డకట్టి క్రిమిని బయటికి పోకుండా బంధించింది. ఆ మూడూ మంచి పనులే. ఇప్పుడు క్రిమి రక్తంలోకి పాకి ఆ కేక ఒళ్ళంతా ఒకేసారి వినపడిందనుకోండి. అన్ని నాళాలూ ఒకేసారి వెడల్పైతే బీపీ పడిపోతుంది. అన్నిచోట్లా ప్లాస్మా ఊరితే నాళాల్లో ఉండాల్సిన ద్రవం తరిగిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అన్నిచోట్లా గడ్డకడితే కిడ్నీలకి రక్తం అందదు, గడ్డకట్టే సరుకంతా అయిపోయి సూది గుచ్చిన చోటల్లా కారుతుంది. చేసే పని మారలేదు, చేసే చోటు మారింది. ఆ కేకకి "ఇది వేలి వరకే" అని చెప్పే తెలివి లేదు.

రాత్రి రెండింటికి మానిటరు మీద బీపీ అంకెలు దిగుతుంటే ఒకదాని వెనక ఒకటి సెలైన్లు ఎక్కిస్తూ నిలబడినప్పుడు నాకు కనపడేది ఇదే, ఒళ్ళంతా వ్యాపించిన గోరుచుట్టు.

#15 ప్రశ్నార్థకం

అయితే టీఎన్‌ఎఫ్‌ని ఆపేస్తే సరిపోతుంది కదా?

#16 సూక్ష్మదర్శిని

అందరికీ ముందు వచ్చిన ఆలోచన అదే. 1990లలో సెప్సిస్ రోగులకి టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే మందులిచ్చి చూశారు. ఆశించిన ఫలితం రాలేదు. రోగి ఐసీయూకి చేరేసరికి ఆ కేక ముగిసిపోయి ఉంటుంది, వెనక ఇంకో పది గొలుసులు కదిలి ఉంటాయి. పైగా కొందరిలో అప్పటికే రక్షణ అలిసిపోయి ఉంటుంది.

అవే మందులు కీళ్ళవాతంలో అద్భుతంగా పనిచేశాయి. కానీ 2001లో ఒక హెచ్చరిక వచ్చింది. వాటిలో ఒకటైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవాళ్ళలో టీబీ బయటపడుతోందని. ఎన్నో ఏళ్ళ కిందట సోకిన టీబీ క్రిమిని మాక్రోఫేజ్‌లు చుట్టూ గోడకట్టి ఊపిరితిత్తుల్లో ఖైదు చేసి ఉంచుతాయి. ఆ గోడని రోజూ కాపాడేది టీఎన్‌ఎఫే. మందు దాన్ని ఆపగానే గోడ కూలింది. ఇప్పుడు ఆ మందు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి అయింది అందుకే.

నిజంచెప్తా గారు అన్న గుండెజబ్బు మాటా అబద్ధం కాదు. 2017లో కాంటోస్ అనే పరిశోధనలో గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా రోగుల్లో కొందరికి ఇంటర్‌ల్యూకిన్-1 బీటాని అడ్డుకునే కానాకినుమాబ్ ఇచ్చారు. మళ్ళీ గుండెపోట్లు తగ్గాయి. కానీ ఇన్ఫెక్షన్‌తో మరణాలు పెరిగాయి. మొత్తం మీద మరణాల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు ఇన్‌ఫ్లమేషన్ గురించి ఇంతకన్నా నిజాయితీగల లెక్క ఇంకోటి కనపడలేదు.

#17 రాత్రిడ్యూటీ

దీనికి జోడీ ఇంకోటి, నేను కళ్ళారా చూసింది. 2020 జూన్‌లో రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది, కోవిడ్‌లో రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూసింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో ఐదో వంతు. ఆక్సిజన్ అక్కర్లేని వాళ్ళకి లాభం లేదు. మొదటి వారంలో వైరస్‌ని పట్టుకునేది ఇన్‌ఫ్లమేషనే, అప్పుడు దాన్ని అణిస్తే వైరస్‌కి మేలు. ఊపిరితిత్తులు తడిసిపోయాక అణిస్తే మనిషికి మేలు. కానీ అప్పట్లో జ్వరం తగిలిన మొదటిరోజే స్టెరాయిడ్ మింగిన వాళ్ళని ఎంతమందిని చూశామో.

#18 తొండముదిరితే

జ్వరం ఊసు వచ్చింది కాబట్టి నా పేరుకి తగ్గ కథ ఒకటి. తొండ జాతికి సొంత వేడి ఉండదు, ఎండలో పడుకుని తెచ్చుకోవాలి. 1975లో మాథ్యూ క్లూగర్ బృందం ఎడారి ఇగ్వానాలకి బాక్టీరియా ఎక్కించి, వేర్వేరు ఉష్ణోగ్రతల పెట్టెల్లో ఉంచింది. 34 డిగ్రీల పెట్టెలో ఉన్నవాటికన్నా 40, 42లో ఉన్నవి చాలా ఎక్కువగా బతికాయి. మామూలుగా వదిలేస్తే జబ్బుపడ్డ ఇగ్వానా తనంతట తనే వేడిగా ఉన్న మూలకి పాక్కుంటూ పోతుంది. కావాలని జ్వరం తెచ్చుకోవడమే! అంటే జ్వరం వేడికి క్రిములు ఉడికిపోతాయన్నమాట.

#19 సూక్ష్మదర్శిని

కథ నిజం, చివరి వాక్యం కాదు :) 39 డిగ్రీలకి బాక్టీరియా ఉడకదు. కొన్ని క్రిముల పెరుగుదల మందగిస్తుంది, మన తెల్లకణాల చురుకు పెరుగుతుంది. కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ పంపి రక్తంలో ఇనుముని తగ్గించేస్తుంది, ఇనుము లేకపోతే చాలా బాక్టీరియాలు పెరగలేవు. వేడి కూడా ఈ వ్యూహంలో ఒకటి.

దానికి ఖర్చు కూడా ఉంది. ఒక్కో డిగ్రీకి ఒళ్ళు పదో వంతు దాకా ఎక్కువ శక్తి ఖర్చుపెడుతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి అది భారం. ఇక మనుషుల సంగతికొస్తే, 2015లో 700 మంది ఐసీయూ రోగుల మీద చేసిన పరిశోధనలో జ్వరానికి పారాసిటమాల్ ఇచ్చినా ఇవ్వకపోయినా పెద్ద తేడా తేలలేదు. ఇగ్వానా కాదు కదా మనిషి. దుప్పటి, నీళ్ళు, మందులు ఉన్నవాడు.

#20 వేకువ

ఇంతకీ ఆ వాపు తగ్గే బిళ్ళ సంగతి! మామయ్య రోజూ అడుగుతున్నాడు.

#21 రాత్రిడ్యూటీ

వేసుకోండి :) మీకు రాసింది స్టెరాయిడ్ కాదు కదా, ఐబుప్రోఫెన్ జాతి మందే అయ్యుంటుంది. అది ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపుతుంది. ఆస్పిరిన్ జాతి పనిచేసే తీరు ఇదేనని జాన్ వేన్ 1971లో చూపించాడు, 1982లో నోబెల్ వచ్చింది. నొప్పి బాగా తగ్గుతుంది, వాపు కొంచెం తగ్గుతుంది. కానీ సెలెక్టిన్ కొక్కేలు, ఇంటర్‌ల్యూకిన్-8 వాసన, కాంప్లిమెంట్ అన్నీ వాటి దారిన అవి నడుస్తూనే ఉంటాయి. మీ మామయ్యకి చెప్పండి, సైన్యం చేతులు కట్టేయలేదు, సైరన్ సౌండు తగ్గించామంతే. పైగా చీము బయటికి తీసేశారు, అన్నింటికన్నా పెద్ద వైద్యం అది. గడ్డ మధ్యలోకి రక్తనాళాలు ఉండవు, యాంటీబయాటిక్ కూడా సరిగ్గా చేరదు.

సైరన్ తగ్గించినప్పుడు కళ్ళతో కనిపెట్టుకోవాలి. వేలి నుంచి మోచేతి వైపు ఎర్రగీత పాకినా, వేలు వంచలేకపోయినా, చలితో వణుకు జ్వరం వచ్చినా ఆలస్యం చెయ్యకండి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉంటే ఈ జాతి బిళ్ళ వద్దు, డాక్టరుకి ముందే చెప్పాలి.

#22 నిర్వాహకుడు

ఇది ఈ వేలికి, ఈ డాక్టరు రాసిన మందుకి చెప్పిన మాట. చదివినవాళ్ళు సొంత వైద్యానికి వాడుకోవద్దు.

#23 పాతకాపు

ఇన్ని చెప్పుకున్నారు, దీనికి మూలపురుషుణ్ణి మర్చిపోయారు. 1882లో ఇల్యా మెచ్నికోవ్ సిసిలీలోని మెస్సీనాలో ఉన్నాడు. ఒకరోజు ఇంట్లోవాళ్ళంతా సర్కస్‌లో కోతుల ఆట చూడ్డానికి వెళ్తే ఆయన మైక్రోస్కోపుతో ఇంట్లోనే ఉండిపోయాడు. నక్షత్రచేప పిల్ల అద్దంలా పారదర్శకంగా ఉంటుంది, లోపల తిరిగే కణాలు కనపడతాయి. వీటికి ముల్లు గుచ్చితే ఇవి వచ్చి చుట్టుముడతాయా అని తోచింది. తోటలో గులాబీ ముళ్ళు తెచ్చి గుచ్చాడు, ఆ రాత్రి నిద్ర పట్టలేదట. పొద్దున్నే చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. నక్షత్రచేపకి మనలాంటి రక్తనాళాలు లేవు, కాబట్టి ఎరుపూ లేదు, వేడీ లేదు. అయినా కణాలు వచ్చాయి. అప్పటిదాకా చీములో కణాలు క్రిముల్ని ఒళ్ళంతా మోసుకెళ్ళి జబ్బుని వ్యాపింపజేస్తాయేమో అనుకునేవాళ్ళు చాలామంది. అవి పోరాడటానికి వచ్చాయన్నది ఆయన మాట. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు.

వేకువ గారి అక్కా మామయ్యల గొడవ నూట నలభై ఏళ్ళ నాటిదన్నమాట.

#24 ప్రశ్నార్థకం

ఆఖరి ప్రశ్న. వాపు ఎలా వచ్చిందో చెప్పారు. ఎలా పోతుంది? క్రిములు అయిపోయాయని ఎవరు చెప్తారు?

#25 సూక్ష్మదర్శిని

ఇది నాకు ఇష్టమైన భాగం. క్రిములు అయిపోతే కేక పెట్టేవాళ్ళు తగ్గుతారు, నిజమే, కానీ అదొక్కటే కాదు. వాపు ఊరికే చల్లారదు, దాన్ని పనిగట్టుకుని ఆర్పుతారు. పని ముగించిన న్యూట్రోఫిల్ పగిలిపోకుండా ముడుచుకుని చస్తుంది, ఒంటి మీద "నన్ను తినెయ్యి" అనే గుర్తు పెట్టుకుని. మాక్రోఫేజ్ వచ్చి దాన్ని మింగుతుంది. మింగిన క్షణం నుంచి ఆ మాక్రోఫేజ్ గొంతు మారిపోతుంది. టీఎన్‌ఎఫ్ ఆపి ఇంటర్‌ల్యూకిన్-10, టీజీఎఫ్ బీటా పంపుతుంది, అంటే "చాలు, ఇక మరమ్మతు మొదలెట్టండి" అని. మొదట ప్రోస్టాగ్లాండిన్లు తయారుచేసిన కొవ్వు ఆమ్లాల కార్ఖానాలే ఇప్పుడు లిపాక్సిన్లు, రిసాల్విన్లు తయారుచేస్తాయి, కొత్త న్యూట్రోఫిల్స్‌ని రావద్దని ఆపుతాయి. ఊరిన ద్రవం లింఫు నాళాల్లోంచి వెనక్కి పోతుంది. కేక పెట్టిన మాక్రోఫేజే ఊడ్చి ముగ్గేసి తలుపు కూడా వేస్తుంది. ఈ ఆర్పే పని సరిగ్గా జరగని చోటే నిజంచెప్తా గారి వీడియోల్లో ఇన్‌ఫ్లమేషన్ మొదలవుతుంది.

#26 నిజంచెప్తా

ఈ మాట ఆ వీడియోల్లో ఒక్కడూ చెప్పలేదండి. ఒప్పుకుంటున్నాను.

#27 వేకువ

పదో రోజు అప్‌డేట్. వాపు పూర్తిగా పోయింది. చంకలో బిళ్ళ నిన్న తడిమితే దొరకలేదు. మామయ్యకి సైరన్ మాట చెప్తే "నేనన్నదీ అదే" అన్నాడు, అక్కకి చెప్తే అక్కా అదే అంది. గోరు చుట్టూ పాత తోలు పొరలు పొరలుగా లేస్తోంది, కింద లేత గులాబి చర్మం. ఒక పక్క చిన్న తోలుముక్క నిలబడింది. పళ్ళతో పీకెయ్యాలని మహా ఇదిగా ఉంది.

#28 పాతకాపు

పీకండి. థ్రెడ్ ఎలాగూ తెరిచే ఉంది.